ఆమెన్‌కు ముందే ఆరిన పేస్టు

మన పొరపాట్లను కూడా మేలుకు మలచే దేవునికి స్తోత్రం. బండి కింద పడుకున్నవాణ్ణి కూడా పైనుంచి చూస్తూ ఉండేవాడు ఆయనే. ఆ రోజుల్లో, అంటే నా మీసం మీద నాకే నమ్మకం కుదరని ఇరవై నాలుగేళ్ల వయసులో, ఏది చూసినా ‘ఇదెలా పనిచేస్తుంది?’ అనే దురద నన్ను కూర్చోనిచ్చేది కాదు. తాండూరులో ఉస్తాద్ దగ్గర కార్ల పని నేర్చుకుంటుండగా ఆ దురద సిలికాన్ ట్యూబు మీదికి మళ్లింది. ఇంజనుకూ, దాని అడుగున ఆయిల్ నిలిచే చాంబరుకూ మధ్య ఒక పలుచని ప్యాకింగ్ ఉంటుంది. పాత బండ్లకు అది దొరక్కపోతే ఉస్తాద్ ఈ పేస్టుతోనే ప్యాకింగ్ తయారుచేసేవాడు.

“సేమియా లెక్క సన్నగ పెట్టాలె బేటా. బోల్టు రంధ్రాలకు లోపలి పక్క నుంచి తిప్పుకుంట రా. పది నిమిషాల్ల మూసెయ్. పైన తోలు కట్టిందంటే ఇగ అతుకదు.”

“నీళ్లు కలపకుండ ఎట్ల గట్టిపడ్తది ఉస్తాద్?”

“గాలిల తడి ఉంటది గద. గది తాగి రబ్బరైతది. సవాళ్లడుగుడు తక్వ చెయ్, పని మీద హాత్ సాఫ్ చెయ్!”

గాలిని తాగి రబ్బరయ్యే పదార్థం! ఆ వారమంతా నా గోళ్ల మీద, టిఫిన్ డబ్బా మూత మీద, చివరికి చెప్పు మీద కూడా పేస్టు పెట్టి, ఎప్పుడు ఆరుతుందా అని చూశాను.

ఆ శనివారం వికారాబాద్‌లో నా ప్రధానం, అంటే నిశ్చితార్థం. కాబోయే మామ బస్సు డిపోలో ముప్పై ఏళ్లు స్పానర్ పట్టిన మనిషి. “కట్నం వద్దు, పొలం వద్దు. పిలగాడు పనిమంతుడైతే చాలు, లేకుంటే నా బిడ్డనియ్య” అని ఫోనులోనే తేల్చేశాడు. మేము వెళ్లాల్సింది సంఘం వ్యానులో, దాని చాంబరేమో కారుతోంది. శుక్రవారం ఉస్తాద్ దుకాణానికి సెలవు. అందుకని చర్చి ఆవరణలోనే చాంబర్ ఊడదీసి, తుడిచి, అంచు చుట్టూ పేస్టు తిప్పాను. ఎంత ముద్దుగా వచ్చిందంటే, ఎవరికైనా చూపించాలనిపించింది (గర్వం అలాగే మొదలవుతుంది). అప్పుడే ఉపవాస ప్రార్థన ముగించుకుని పాస్టరు అయ్యగారు, సంఘంలోని అక్కలు బయటికి వచ్చారు.

“అయ్యగారూ, రేపటి ప్రయాణం కోసం జర ప్రార్థన చేయండి” అన్నాను. నేనే అన్నాను.

ఆయన చాంబర్ మీదే చెయ్యి పెట్టబోతే, పట్టుకుని బానెట్ మీద పెట్టించాను. ప్రార్థన చక్రాలతో మొదలై, డ్రైవర్ కళ్ల మీదుగా, నాపరాళ్ల లారీలు చేసిన గుంతలన్నిటినీ దాటి, పెళ్లికూతురి మేనత్తల దాకా సాగింది. నేను ఒక కన్ను తెరిచి పేస్టునే చూస్తున్నాను (దేవుడు క్షమించాడనే నమ్ముతున్నాను). త్వరగా ముగిస్తారేమోనని గట్టిగా “ఆమెన్!” అన్నాను. అది విని అయ్యగారు మరింత ఉజ్జీవంతో అందుకున్నారు. రెండోసారి అన్నాను, స్వరం ఇంకా పెరిగింది. మూడోసారికి నోరు మూసుకున్నాను. వేలితో తాకితే పేస్టు అంటుకోలేదు, తోలు కట్టేసింది. గీకేసి మళ్లీ పెట్టాల్సిందే. కానీ ప్రార్థించిన దాన్ని అందరి ముందు గీకడానికి చెయ్యి రాలేదు. అలాగే ఎక్కించి బిగించేశాను.

మర్నాడు వ్యాను వికారాబాద్ చేరేసరికి కాలిన ఆయిల్ వాసన నా కొత్త చొక్కా సెంటును మింగేసింది. మామ దండ పక్కన పెట్టి, వంగి, వాకిట్లో పడుతున్న నల్లటి చుక్కలను చూశాడు.

“చాంబర్ ఎవరు కట్టిన్రు?”

“వాళ్ల ఉస్తాద్ కట్టిండు అన్నా!” అంది మా పెద్దమ్మ గబుక్కున.

నిజం చెబితే పిల్ల దక్కదు. కానీ చెప్పకపోతే, ఆ బండిని తాకనైనా తాకని ఉస్తాద్‌కు చెడ్డపేరు.

“నేనే కట్టిన మామా. తోలు కట్టినంక మూసిన.”

“తెల్సి మూసినవా?”

“తెల్సే.”

“అందాక ఏం చేసినవ్?”

“ప్రార్థన చేసినం.”

ముందు నవ్వింది అయ్యగారే. మామ నవ్వలేదు. లోపలికి వెళ్లి ఒక పాత లుంగీ, సగం వాడిన ట్యూబు తెచ్చాడు. “కొత్త చొక్కా ఇప్పు. నడువ్ కిందికి. పని రాకుంటె నేర్పిస్త. అబద్ధమాడేటోనికి ఏం నేర్పిస్తం?”

మేము పేస్టు గీకి, మళ్లీ పెట్టి, వెంటనే మూశాం. ఇక ఆరేదాకా ఆగాలి. పెళ్లికూతురు టీ తెచ్చి, వంగి చూసి, “నీళ్లు కలపలేదు గద, ఎట్ల గట్టిపడ్తది?” అని అడిగింది. నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి! టీ చల్లారిపోయేదాకా చెప్పాను. ఆ మధ్యాహ్నం గోళ్లలో నల్ల గ్రీజుతోనే ఆమె వేలికి ఉంగరం తొడిగాను. మావాళ్లంతా రైలెక్కి తాండూరు వెళ్లిపోయారు. వ్యాను ఆరేదాకా నేను మాత్రం అల్లుడినై అక్కడే ఉండిపోయాను.

పాపం, ఆ కుర్రవాడు! ఒక కన్ను తెరిచి తప్పు చూశాడు గానీ, నోరు తెరిచి “ఒక్క నిమిషం ఆగండి” అనలేకపోయాడు. జుట్టు నెరిసినా నాకు ఆ మాట ఇప్పటికీ సమయానికి రాదు. మీకూ అలాంటి ఇబ్బంది ఉంటే, నాతో కలిసి అడగండి: ప్రభువా, తెలిసిన నిజాన్ని ఆరిపోకముందే చెప్పే ధైర్యం మాకియ్యి. ఆమెన్.