అంగడి రామసుబ్బయ్య ఆశ్చర్యాలు

మా మైదుకూరులో ఒక పుకారు తిరుగుతోంది. మ్యాజిక్ మాస్టరు గాబ్రియేలు మా అంగడి రామసుబ్బయ్యకు వశీకరణం చేశాడట. నిమ్మకాయ మంత్రించి ఉప్పు బస్తాలో దాచాడట. అందుకే ఆ మనిషి ప్రతిదానికీ నోరు తెరిచి కేకలు పెడుతున్నాడట. శుద్ధ అబద్ధం. ముప్పై ఏళ్లుగా ఆయన అంగడికి ఎదురింట్లో ఉన్నాను. మా గడప మీద కూర్చుంటే ఆయన తక్కెడలో ముల్లు ఎటు ఒరిగిందో కూడా కనిపిస్తుంది. నేను చదివింది ఐదో తరగతే అయినా, ఈ వీధిలో పెద్దక్కకు తెలియకుండా పిల్లి కూడా పిల్లలు పెట్టదు. కాబట్టి నా మాట వినండి. రామసుబ్బయ్య పుట్టుకే అంత. ఆశ్చర్యపడటం ఆయన జబ్బు.

కందిపప్పు కోసం వెళ్లి, "మా కోడలు స్వర్ణలత స్కూటీ నేర్చుకునింది రామసుబ్బయ్యా" అన్నాననుకోండి. పప్పు తూచే చెయ్యి గాల్లో ఆగిపోతుంది. కళ్లు వక్కల డబ్బా మూతలంత అవుతాయి. "ఓర్నాయనో! స్కూటీనా! మన స్వర్ణలతా! బ్రేకు కూడా వేస్తాదా?" అని అరిచే అరుపుకు, ఒకసారి రోడ్డు మీద పోతున్న ప్రొద్దుటూరు బస్సే బ్రేకు వేసింది. డ్రైవరు కిందికి దిగి ఎవరు పడ్డారో చూసి మరీ వెళ్లాడు.

పాత కబురు, కొత్త కబురు అన్న తేడా కూడా ఆయనకు లేదు. అయ్యన్న బర్రె రెండు దూడలను ఈనిందని పొద్దున ఆరు గంటలకే మొట్టమొదట నేనే చెప్పాను. ముక్కాలిపీట మీద నుంచి పడబోయి గోడ పట్టుకున్నాడు. పది గంటల లోపు మరో నలుగురు వచ్చి అదే కబురు చెప్పారు. నాలుగుసార్లూ పడబోయాడు, నాలుగుసార్లూ గోడ పట్టుకున్నాడు. ఆ గోడకు సున్నం అక్కడొక్క చోటే ఉండదు, అరిగిపోయింది.

ఆయన భార్య కన్యకమ్మ దగ్గర ఆరా తీశాను. "ఇంట్లో అయినా బాగుంటాడా మే?"

"యాడ బాగుంటాడక్కా! పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లు. ఈ పొద్దుటికీ తట్టలో సంగటి పెడితే 'అబ్బా, సంగటే!' అంటాడు. నిన్న తినింది సంగటే. మొన్న తినింది సంగటే. రేపు కూడా సంగటే అని చెప్పినా, దానికీ 'అబ్బా' అన్న్యాడు."

ఇక గాబ్రియేలు సంగతి. కోయిలకుంట్ల మొదలుకొని బద్వేలు దాకా ఆయన ఆట చూడని బడి లేదు. నల్లరంగు ట్రంకుపెట్టె బస్సు మీద వేసుకుని తిరిగేవాడు. ఉన్నట్టుండి ఒక ఏడాది పక్షవాతం తగిలింది. కాలు కుదురుకుంది, మాట కుదురుకుంది, కుడిచెయ్యి మాత్రం వణుకు మానలేదు. చొక్కా గుండీలు ఆయన భార్య కృపమణే పెట్టాలి. బడులవాళ్లు పిలవడం మానుకున్నారు. చెయ్యి నెల నెలకూ మొద్దుబారుతోంది. అది పూర్తిగా పడిపోయే లోపల తన ఆటలన్నీ సీడీలో ఎక్కించి, వాటి గుట్టు పిల్లలకు నేర్పిపోవాలని ఆయన కోరిక.

ఇది రెండువేల నాలుగు. ఊళ్లో ఇంటింటికీ సీడీ ప్లేయర్లు వస్తున్న రోజులు. పెళ్లి వీడియోలు తీసే ప్రదీప్‌కుమార్ సరేనన్నాడు. కల్యాణ మండపం ఒక్క పగలు మాత్రమే దొరికింది, సాయంత్రానికి ఎవరిదో పెళ్లి దిగుతుంది. మా వీధిలో పన్నెండు మందిని చూడటానికి రమ్మన్నారు. పిలవకపోయినా నేను వెళ్లేదాన్నే.

"చూడు పెద్దక్కా," అని ప్రదీప్‌కుమార్ నాకు విడమరిచి చెప్పాడు. "హైదరాబాదు సీడీలు నేను శానా చూసినా. ముందు ఆట చూపించల్ల. చూసేటోళ్లు నోరు తెరవల్ల. ఆ తర్వాతనే గుట్టు చెప్పల్ల. మీరు నోరు తెరవకుంటే ఇంట్లో చూసే పిల్లోల్లకు ఆ గుట్టు ఏంటికి?"

అంతా బాగానే అర్థమైంది. తీరా ఫోకస్ లైటు మా మీద పడగానే మేమందరం మాకు తెలిసిన పనే చేశాం. పెళ్లి వీడియోలో లైటు పడితే ఏం చేస్తామో అదే. కొంగు సర్దుకుని, నడుము నిటారుగా పెట్టి, మూతి బిగించి కెమెరా వైపు చూశాం. గాబ్రియేలు రుమాలులోంచి పూలు తీశాడు. మేం కెమెరానే చూశాం. ఆ పూలు మాయం చేశాడు. అప్పుడూ కెమెరానే చూశాం. నా పక్కన కూర్చున్న మా వీధి తిమ్మయ్య అయితే లైటు పడిన అలవాటు కొద్దీ అక్షింతలు వేయడానికి చెయ్యి కూడా లేపాడు.

"నన్ను ఏంటికి చూస్తాండారు? మాస్టరును చూడండి!" అని ప్రదీప్‌కుమార్ అరిచాడు.

"అట్ల ముందే చెప్పల్ల గదప్పా," అన్నాను నేను. "పెండ్లిలో నీ పక్కే చూడమని సతాయిస్తావే!"

సరే, మాస్టరును చూశాం. అదింకా ఘోరమైంది. మా ఊరివాళ్లు ఒకదాన్ని చూడటం మొదలుపెడితే తప్పు పట్టుకోవడానికే చూస్తారు. "పూలు చొక్కా చేతిలోకి దోపినాడు, నేను చూసినా" అన్నాడు తిమ్మయ్య. తర్వాత రూపాయి బిళ్ల ఆట. గాబ్రియేలు బిళ్లను కుడిచేతి గుప్పిట్లో పెట్టి మూశాడు. గుప్పిట వణికింది. బిళ్ల టింగుమని బండల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా నా కాళ్ల దగ్గర ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

గాబ్రియేలు ఆ బిళ్ల వైపు చూశాడు, తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "చాలప్పా ప్రదీపూ, లైటు ఆర్పెయ్. ఈ చెయ్యి ఇంగ ఆటకు పనికిరాదు," అన్నాడు. వంగి ట్రంకుపెట్టెలో ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర నిలబడిన కృపమణి ముఖం పక్కకు తిప్పుకుంది. నేను ఆ బిళ్ల తీసి ఇవ్వాలో, చూడనట్టు ఊరుకోవాలో తేల్చుకోలేక దాని మీద కాలు పెట్టాను.

అప్పుడు వచ్చాడు రామసుబ్బయ్య, టీ కోసం చెప్పిన చక్కెర పొట్లం చేత పట్టుకుని.

"ఏంది, ఆట అయిపోయిందా? నేను ఇంగా చూడనే లేదే! ఒక్క తూరి చూపీ మాస్టరూ. అంగడి ఇడిసిపెట్టి వచ్చినా."

"వద్దులే శెట్టీ. చెయ్యి నిలబడల్యా."

"చెయ్యి సంగతి నాకేంటికి? నేను మ్యాజిక్ చూసేదానికి వచ్చినా," అంటూ ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వచ్చిన మనిషిని కాదనలేక గాబ్రియేలు లేచాడు. నేను కాలు తీసి బిళ్ల ఇచ్చాను. లైటు వెలిగింది. గుప్పిట మూసుకుంది. అంతే!

"ఓర్నాయనో! అబ్బబ్బబ్బా!" రామసుబ్బయ్య ఒక్క గంతు వేసి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. చక్కెర పొట్లం పగిలి తిమ్మయ్య నెత్తిన వాన కురిసింది. మేమందరం అటు తిరిగాం, కెమెరా కూడా అటే తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి గాబ్రియేలు రెండు చేతులూ ఖాళీ.

"అదీ! అదీ రియాక్షనంటే!" అని ప్రదీప్‌కుమార్ ఎగిరి గంతేశాడు.

ఇక చూడండి. పేకముక్క మారితే, "అయ్యయ్యో, రాజు రాణి అయిపోయినాడే!" అని గుండె పట్టుకున్నాడు. బోర్లించిన నీళ్ల గ్లాసుకు కాగితం అంటుకుని నిలబడితే తిమ్మయ్య ఒళ్లోకి ఎక్కాడు. "దిగప్పా, నీ బరువుకు నా మోకాళ్లు మాయమైతాండాయి" అని తిమ్మయ్య మొత్తుకున్నాడు. ఆ నవ్వుల్లో మాకు కూడా బిగించిన మూతులు వదులైపోయి, నిజంగానే చప్పట్లు కొట్టాం. పెళ్లి వాళ్ల మేళం గేటు దగ్గర మోగేసరికి పదకొండు ఆటలూ అయ్యాయి. పెట్టె మూసేటప్పుడు గాబ్రియేలు ముఖం వెనకటి గాబ్రియేలు ముఖంలా ఉంది.

సీడీ వచ్చింది. మా కేబుల్ అతను ఆదివారం మధ్యాహ్నం వేశాడు కూడా. ఆట తర్వాత గాబ్రియేలు కూర్చుని గుట్టు నిదానంగా చేసి చూపిస్తూ చెబుతాడు. నిదానంగా చేస్తే ఆ వణుకు అంత తెలియదు. ఇప్పుడు వారం వారం పిల్లలు ఆయన ఇంటి ముందు చేరుతున్నారు. ఆయన నోటితో చెబితే, ఆట వాళ్ల చేతులు ఆడుతున్నాయి. కాకపోతే మా వీధి పిల్లలు మ్యాజిక్ కంటే ముందు రామసుబ్బయ్య గంతు నేర్చుకున్నారు.

చిక్కంతా తిమ్మయ్యతో వచ్చింది. నెత్తిన పడిన చక్కెర మరిచిపోలేదేమో, సీడీ చూసి చూసి ఒక సంగతి కనిపెట్టాడు. "రూపాయి మాయం కాకముందే ఈయప్ప అరుస్తాండాడు! ముందే ఎట్ల తెలుస్తాది? వశీకరణం కాకుంటే ఇంకేమి?" అలా పుట్టింది పుకారు.

నేనెక్కడ ఊరుకుంటాను! స్వర్ణలత చేత రిమోటు పట్టించి కూర్చున్నాను. "ఆడ ఆపు. ఇంగొంచెం వెనక్కి పో. ఆ, ఆపు."

"అత్తా, పొయ్యి మీద చారు..."

"పొంగితే పొంగనీలే. ఆపు."

తిమ్మయ్య చెప్పింది నిజమే. బిళ్ల ఇంకా గుప్పిట్లోనే ఉంది, రామసుబ్బయ్య అప్పటికే గాల్లో ఉన్నాడు. ఆరుసార్లు చూశాను, ఏమీ తేలలేదు. ఏడోసారి రామసుబ్బయ్యను వదిలేసి గాబ్రియేలు చెయ్యి చూశాను. చిటికెనవేలు వణకడం మొదలవుతుంది. మొదలైన మరుక్షణమే అరుపు. పేకముక్కకూ అంతే, గ్లాసుకూ అంతే. అందరి చూపూ ఆ చెయ్యి మీద నుంచి ఎగిరిపోయేది. ఆ లోపల జారింది ఏదైనా ఉంటే గాబ్రియేలు ఎడంచేత్తో సర్దుకునేవాడు.

అది గాబ్రియేలుకు తెలియదని ఎవరైనా అనుకుంటే పొరపాటే. పదిమంది చూపు పక్కకు తిప్పడమే ఆయన విద్య. గుట్టు చెప్పే చోట ఆయన అన్న మాట ముందు తమాషాగా విని వదిలేశాను, ఇప్పుడు మళ్లీ విన్నాను: "ఈ ఆటకు కావలసినవి ఒక రూపాయి బిళ్ల, ఒక చేతిరుమాలు, ఎదురుగా రామసుబ్బయ్య లాంటి మనిషి ఒకరు."

చారు పూర్తిగా పొంగిపోయింది. అయినా నాకు ఒక్కటి మిగిలిపోయింది. అది తేల్చుకోకపోతే నిద్ర పట్టేది కాదు. ఎండవేళ, బేరాలు లేని సమయం చూసి అంగడికి వెళ్లాను.

"రామసుబ్బయ్యా, రిమోటు నొక్కి నిన్ను గాల్లో నిలబెట్టి చూసినా."

"ఓర్నాయనో! రిమోటు నొక్కితే మనిషి గాల్లోనే నిలబడిపోతాడా!" పీట మీద నుంచి పడబోయి గోడ పట్టుకున్నాడు.

"ఆ నాటకాలు నా దగ్గర వద్దప్పా. ఆయప్ప చెయ్యి వణికినప్పుడల్లా అరిచినావు. తొమ్మిది ఆటలకు తొమ్మిది అరుపులు. ఏంటికో నాకు తెలుసు, అది నేను అడగను. తాడు ఆట, గుడ్డు ఆట మిగిలినాయి. ఆ రెండింటికి చెయ్యి రవ్వంత కూడా వణకల్యా. వెనకటి మాదిరే చేసినాడు మహానుభావుడు. ఆ రెండింటికి నువ్వు రాయి మాదిరి కూర్చుండిపోయినావు. అంత బాగా చేసినప్పుడు కదప్పా అరవల్సింది! అప్పుడు ఏమైంది నీ నోటికి?"

రామసుబ్బయ్య అటూ ఇటూ చూశాడు. వీధిలో ఎవరూ లేరు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ మనిషి నెమ్మదిగా మాట్లాడటం విన్నాను.

"ఆ రెండింటికి నాకు నిజంగానే దిమ్మ తిరిగిపోయిందక్కా. ఇంగ అరుపు యాడినుంచి వస్తాది?"