రెండు వందల ఏడు గుండ్లు, ఒక పాత పంచె

రెండు వందల ఏడు సీసపు గుండ్లు, ఒక పాత పంచెలో ముప్పాతిక భాగం, పదకొండు శనివారాలు, కార్ చక్రం కింద నలిగిన ఒక కళ్ళజోడు, పెరుగన్నం డబ్బా మూత ఒకటి. ఒక వేసవిలో మేము ముగ్గురం కలిసి పోగొట్టుకున్నవి ఇవీ. మొన్న మా గరాజ్‌లో వాటర్ హీటర్ కారి, తడిసిన అట్టపెట్టెలు బయటికి లాగుతుంటే అడుగున ఒక స్పైరల్ నోట్‌బుక్ దొరికింది. లెక్కంతా అందులోనే, నా చేతిరాతలోనే ఉంది. చివరి పేజీకి, నడిమధ్యన నల్లగా కాలి చిల్లు పడిన రూపాయి బిళ్ళంత గుడ్డ ముక్క ఒకటి పిన్ చేసి ఉంది. గరాజ్ మెట్టు మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టాను. హీటర్ బాగుచేయడానికి వచ్చినతను రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడలేదు.

మా పెదనాన్నగారు గుంటూరులో చదివి, అరవైల చివర్లో ఈ దేశం వచ్చి, ముప్ఫై ఏళ్ళకు పైగా సర్జన్‌గా పనిచేసిన మనిషి. ఒకరోజు కుట్లు వేస్తుండగా కుడిచేతి చిటికెనవేలు అదిరిందట. పక్కనున్న నర్స్ కూడా గమనించని ఆ అదురును ఆయన గమనించి, మరునెలలోనే కత్తి కింద పెట్టేశారు. ఆ తరువాత ఏం తోచక, ఒక చలికాలమంతా కూర్చుని, విడిభాగాలు తెప్పించి, చెక్కను నున్నగా చెక్కి, పాతకాలపు పద్ధతి రైఫిల్ ఒకటి తయారుచేసుకున్నారు. మూతి వైపు నుంచి తుపాకీ మందు పోసి, నూనెలో తడిపిన గుడ్డలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో అడుగుదాకా కూరి పేల్చే రకం అది. ఒక్కొక్క గుండుకీ రెండు మూడు నిమిషాలు పట్టేది. ఆపరేషన్‌లో ఉండే నిదానం అందులో ఉందని అనేవారు.

నేనప్పుడు ఇర్వింగ్‌లో ఒక గిడ్డంగిలో సరుకు లెక్కలు చూసేవాణ్ణి. బడిలో నాకు అబ్బిన లెక్కలు తక్కువ. అట్టపెట్టెలు లెక్కపెడుతూ, తప్పులు ఎక్కడ పుడతాయో వెతుకుతూ సొంతంగా నేర్చుకున్నదే ఎక్కువ. అందుకే ఆ వేసవి మొదట్లో పెదనాన్నగారు, యాభై గజాల దూరంలో పెట్టిన టార్గెట్ కాగితం మీద తన గుండ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయని, చెయ్యి పూర్తిగా పోయినట్టుందని చెప్పినప్పుడు, నాకు జాలికన్నా ముందు, లోపం చేతిలో కాదేమోనన్న అనుమానం వచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. అక్టోబర్‌లో డ్రైవింగ్ లైసెన్స్ రెన్యూ చేయించుకోవాలి, చేతి మీద నమ్మకం లేనివాడు స్టీరింగ్ పట్టకూడదు కాబట్టి ఇక చేయించుకోనన్నారు. పెద్దమ్మ ఏనాడూ డ్రైవింగ్ నేర్చుకోలేదు. కూరగాయలకైనా, గుడికైనా, కంటి డాక్టర్ దగ్గరికైనా హైవే ఎక్కక తప్పని ఊళ్ళో ఆ మాటకు అర్థం ఏమిటో ఆవిడకు తెలుసు. అన్నం తింటున్న నా వైపు పప్పు గిన్నె జరిపింది. ఆ రాత్రే నోట్‌బుక్ కొన్నాను.

శనివారం శనివారం పొద్దున్నే ముగ్గురం బయలుదేరేవాళ్ళం. ఊరికి గంట దూరంలో, రేకుల షెడ్డూ ఎండిన గడ్డీ తప్ప మరేమీ లేని షూటింగ్ రేంజ్ అది. పెద్దమ్మ మడత కుర్చీలో, చెవుల్లో దూది పెట్టుకుని, పైన చెవికప్పులు తగిలించుకుని, విష్ణు సహస్రనామం చదువుకుంటూ కూర్చునేది. రోజుకు ఇరవై గుండ్లు. నేను ప్రతి చిల్లునూ స్కేలుతో కొలిచి, ఎంత పైకి, ఎంత పక్కకు అని రాసేవాణ్ణి. రెండో వారానికే నలభై గుండ్ల సగటు తీస్తే, అది కాగితం నట్టనడుమ పావు అంగుళం తేడాతో పడింది. రైఫిల్‌కీ చేతికీ ఏ లోపమూ లేదని గర్వంగా ప్రకటించాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"సగటున పేషెంట్‌కి జ్వరం లేదని చెప్పి డిశ్చార్జ్ చేయనురా నేను. పొద్దున నూట నాలుగు, రాత్రి తొంభై మూడు. వాడు బతుకుతాడా?"

నేను చూడవలసింది సగటును కాదనీ, చెదరడాన్ననీ అప్పుడు తెలిసింది. ఐదేసి గుండ్లకు ఆ చివరి నుంచి ఈ చివరికి ఎంత దూరమో కొలిస్తే, పది అంగుళాలకు తగ్గడం లేదు. ఇక పట్టు పట్టాను. వారానికి ఒక్క మార్పే చేయాలి, రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మందు తగ్గించాం. పెంచాం. గుండు గుండుకీ మధ్య గొట్టంలోని మసి తుడిచాం. గొట్టాన్ని చెక్కకు బిగించే మేకు వదులైందేమోనని చూశాం. కడ్డీ మీద గీత పెట్టి, గుండు ప్రతిసారీ ఒకే లోతుకు దిగేలా చేశాం. అంగుళం తగ్గేది, మరుసటి వారం అంగుళమున్నర పెరిగేది. ఏడో వారం నాకొక ఉపాయం తోచింది. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి ఆయన పది, నేను పది పేల్చాం. ఆయనది పది అంగుళాలు, నాది పదింపావు. లోపం చేతిలో ఉంటే నాది అలా రాకూడదు కదా అన్నాను.

"అంటే ఇద్దరి చేతులూ పోయాయన్నమాట," అన్నారాయన, చాలా శాంతంగా.

ఆయన కళ్ళజోడు నలిగింది ఆరోజే. నేను విసురుగా కార్ వెనక్కి తీశాను.

ఎనిమిదో శనివారం ఇరవై గుండ్లూ అయిపోయాయి. అందరూ తుపాకులు కింద పెట్టి, ఎర్ర జెండా ఎగరేసి, కాగితాలు తెచ్చుకోవడానికి ముందుకు నడిచేటప్పుడు పెద్దమ్మ కూడా లేచింది. మేమిద్దరం టార్గెట్ దాకా వెళ్ళి వచ్చేసరికి, ఆవిడ షెడ్డు ముందర గడ్డిలో వంగి, గుండుతో పాటు బయటికి ఎగిరి పడిన గుడ్డ ముక్కలు ఒక్కొక్కటే పెరుగన్నం డబ్బాలో ఏరుతోంది. పరాయి చోట మన చెత్త మనమే తీయాలన్నది ఆవిడ పద్ధతి. తెల్లవాళ్ళు చూస్తున్నారని నాకు సిగ్గేసింది. ఆవిడ ఒక ముక్కను ఎండకు ఎత్తి పట్టుకుంది.

"ఏమండీ, ఇవన్నీ చిల్లులే. మీ పంచె ముక్కలేనా?"

ఎనిమిది వారాలుగా నేను కాగితంలోని చిల్లులు లెక్కపెట్టాను, గుడ్డలోని చిల్లులు ఒక్కటీ చూడలేదు. ఆ గుడ్డ ఉండేదే గుండుకీ గొట్టానికీ మధ్య సందు మూసి, లోపలి మెలి గాడులను పట్టుకుని గుండును తిప్పడానికి. అది మధ్యలోనే కాలి చిరిగిపోతే, గుండు తిరగకుండా దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. మన ఇళ్ళలో పాత నూలు గుడ్డను ఎవరూ పారేయరు. నలభై ఏళ్ళు ఉతికి వెన్నలా మెత్తబడిన పంచె అయితే పసిపిల్లకైనా, పుండుకైనా, దీపం వత్తికైనా శ్రేష్ఠమని నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన తన పాత పంచె చింపి వాడారు. ఆ నూలు పోగుల్లో ప్రాణం ఎప్పుడో పోయింది.

పరుపు కుట్టే గుడ్డ తెమ్మని చెప్పింది కూడా పెద్దమ్మే. దూది పోగు బయటికి రాకుండా నేసే ఆ చారల గుడ్డ కన్నా గట్టిది లేదన్నది. మరుసటి శనివారం మొదటి ఐదు గుండ్లూ మూడు అంగుళాల్లో పడ్డాయి. ఆయన కాగితం దగ్గరే నిలబడి, కుడిచేతిని ఒకసారి విప్పి, మూసి చూసుకున్నారు.

నేను మాత్రం ఐదుతో ఒప్పుకోలేదు. యాభై లేనిదే ఏ లెక్కనూ నమ్మనన్నది నా నియమం. ఆ వారం ఇరవై, తరువాతి వారం ఇరవై, పదకొండో శనివారం ఏడు. అన్నీ మూడు, మూడున్నర అంగుళాలే. నలభై ఏడో గుండు తరువాత ఆయన రైఫిల్ కింద పెట్టేశారు. ఇంకో మూడే కదా అని బతిమాలాను.

"ఆపరేషన్ అయిపోయాక కూడా కోస్తూ కూర్చుంటే దాన్ని వైద్యం అనరురా," అని నా చేతిలోంచి కార్ తాళాలు తీసుకున్నారు. ఇంటిదాకా ఆయనే డ్రైవ్ చేశారు. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుని దారంతా, ఎడమకు రండి, నెమ్మది, ఆ ట్రక్కును పోనివ్వండి, అంటూనే ఉంది. డబ్బా మూత రేంజ్‌లోనే మరిచిపోయామని ఇంటికొచ్చాక తెలిసింది.

అక్టోబర్‌లో లైసెన్స్ రెన్యూ అయింది. ఆయన మరో ఆరేళ్ళు డ్రైవ్ చేశారు. మిగతా మూడూ మళ్ళీ వెళ్ళినప్పుడు అనుకున్నాం. ఉద్యోగం నన్ను దూరంగా పార్సిప్పనీ అనే ఊరికి పంపింది, నేను తిరిగి వచ్చేసరికి ఆయన లేరు, ఆ తరువాత ఏడాదికి పెద్దమ్మ కూడా. రైఫిల్ శాన్ రామన్‌లో వాళ్ళమ్మాయి ఇంట్లో గోడ మీద ఉంది. ఇప్పుడు రేంజ్‌కి వెళితే ఫోన్ తెర మీదే చిల్లులన్నీ కనిపిస్తాయి, కొలతలు కూడా అదే చెబుతుంది, నడిచి వెళ్ళేవాళ్ళు తక్కువ, వంగేవాళ్ళు అసలే లేరు. కారిన నీళ్ళు తుడవడానికి మొన్న ఇల్లంతా వెతికితే చింపుకోవడానికి పాత నూలు గుడ్డ ఒక్కటి దొరకలేదు. కాగితం చుట్టలతో తుడిచాం.

నోట్‌బుక్ చివరి పేజీలో యాభై గడులు గీసి ఉన్నాయి. నలభై ఏడు నిండాయి. ఇంకా బాకీ, మూడు.