ఎద్దు తాడు, కారు స్టీరింగు

ఈ రోజు మా బాపు చేసిన పని నుంచి నేనింకా తేరుకోలేదు.

సిద్దిపేట పక్కనే మా ఊరు. ఇంటి ముందున్న పాత అంబాసిడర్‌ను కొనడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చారు. పాత కార్లు సేకరించడం ఆయన సరదా. ఈ బండి మొదట గజ్వేల్‌లో ఒక డాక్టరుగారిది, తర్వాత తాతది, ఇప్పుడు బాపుది అంటూ కాగితాలన్నీ చూపిస్తే మురిసిపోయారు. రంగు వెలిసినా, తుప్పు పట్టినా ఫర్వాలేదట, ఒక్క స్క్రూ కూడా మార్చకపోతే చాలట. తీరా డోరు తీసి చూస్తే స్టీరింగు లేదు!

ఆయన తెల్లబోయి, "పెద్దాయనా, స్టీరింగు ఏమైంది?" అని అడిగారు.

"పొద్దుగాల నేనే ఇప్పిన. ఎద్దును అమ్మితే తాడు ఇస్తమా సారూ? ఇంటి లక్ష్మి పోతది. మీకు కొత్తది నేనే బిగిపిస్త," అన్నాడు బాపు తాపీగా.

పాతది లేకపోతే కారే వద్దని ఆయన వెళ్లిపోయారు.

బాపు దాన్ని ఎక్కడ దాచాడో వెతికి పట్టుకుని, గట్టిగా అడుగుదామని కొట్టంలోకి వెళ్లాను. స్టీరింగు గోడ మేకుకు వేలాడుతోంది. పక్క మేకుకు, నా చిన్నప్పుడు అమ్మేసిన రెండెడ్ల తాళ్లు ఇంకా అలాగే ఉన్నాయి.

స్టీరింగును మేకుకే వదిలేసి బయటికి వచ్చేశాను. మీరైతే అడిగేవారా?