కందకం లేని పునాది

“రాయి లేని పునాది ఏందండీ! గట్టిగా గాలొస్తే మా బడి పొలంలో పడుద్ది!” అన్నారు సంఘపెద్ద దేవసహాయం గారు.

“మీ పాత బడికి మొలలోతు రాయి వేశారు గదండీ. గోడలో చెయ్యి పట్టేంత నెర్రె ఎందుకొచ్చింది మరి?” అన్నారు ఇంజనీరు రాజారావు గారు.

“అది మా రాత. ఇది మీ కక్కుర్తి!”

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండాకాలం, పర్చూరు దాపున ఒక పల్లెలో చర్చివారి బడి కడుతున్నప్పటి మాట ఇది. నేను చదివింది మూడో తరగతి. కాంక్రీటు ముఠాకు ఆడమేస్త్రిని. కంకర, ఇసుక, సిమెంటు కలిపి తట్టలకెత్తి పోసేవాళ్లే ముఠా.

మా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైపైన వేసిన పునాది దానితోపాటు లేచి దిగుతుంది. కదలని మట్టి దాకా కందకం తీసి రాయి కడితే బడికి పోగైన చందాలన్నీ పునాదికే చెల్లు. అందుకని రాజారావు గారు పైలు పునాది గీశారు. గోడల కింద అక్కడక్కడ ఆ కదలని మట్టి దాకా సన్నటి నిలువు గుంటలు దింపి, అడుగున కుండలా వెడల్పు చేసి, చువ్వల బుట్ట దించి కాంక్రీటు పోయడం. పైన అన్నిటినీ కలుపుతూ ఒక బీము. ఖర్చు తగ్గుతుంది, బలం తగ్గదు. ఆ మిగులుతో మూడో గది లేస్తుంది. లేదంటే ఒక తరగతి పిల్లలు ఎప్పటిలా ఎండలోనే.

మొదటి గుంట తయారైన సాయంత్రం పెద్దలొచ్చి పని ఆపించారు. ఇంజనీరు గారు కాగితం విప్పి బరువుల లెక్క చెప్పారు. ఎవరూ వినలేదు. నాకు విసుగొచ్చింది.

“పెద్దయ్యా, లెక్క పక్కన పెట్టండి. మీకేం తక్కువైందో అది చెప్పండి” అన్నాను.

ఆయన గుంటవైపు చూసి గొంతు తగ్గించారు. “పాత బడి కందకంలో మా అయ్య రాయి వేశాడు. ఇంటికొక రాయి వేశారు మావాళ్లు. దీంట్లో మా చెయ్యి పెట్టే చోటేదమ్మా?”

అదీ అసలు అడ్డు. కాగితంలో దానికి జవాబు లేదు.

“రాయి బదులు తట్ట. ఇంటికొక తట్ట మీరే పోయండి. మధ్యలో ఆగితే అతుకు పడి బలం పోద్ది, కాబట్టి వరస తెగకూడదు. నత్తనడక నడిచినోళ్ల తట్ట లాక్కుంటా” అన్నాను.

“నాదీనా?”

“మీదే ముందు.”

అందరూ నవ్వారు. రాజారావు గారు మాత్రం నా పక్కకొచ్చి, “సగం నేలపాలు చేస్తారమ్మా” అని గొణిగారు. “చేస్తే నేనూరుకుంటానా?” అన్నాను.

కొత్త పద్ధతి తెచ్చేవాళ్లు, పాతదాంట్లో జనానికున్న చోటేదో ముందు అడగాలి. ఆ తర్వాత ఏ పనికెళ్లినా నేనదే మొదట అడిగాను.

మర్నాడు పొద్దున ఊరు వరస కట్టింది. దేవసహాయం గారు పంచె ఎగ్గట్టి మొదటి తట్ట పోశారు. గుప్పెడు కంకర ఒలికితే కసిరాను, వంగి ఎత్తి గుంటలో వేశారు. వరస తెగకుండానే గుంట నిండింది. వంతు రానివాళ్లు “మా గుంట ఎప్పుడు?” అని గోల చేశారు. దేవసహాయం గారు చేతులు కడుక్కుని, రెండో గుంట దగ్గర మట్టి తవ్వే బోరు కడ్డీ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు.