సముద్రంలో దొరికిన అల్లుని చెంబు

నేను చదివింది మూడో తరగతి. అదీ పెన్‌గంగ అవతల, ఆదిలాబాద్ దిక్కున్న మా తల్లిగారి ఊళ్లో. పెళ్లై మహారాష్ట్రలోని ఈ కోర్పనా తాలూకాకు వచ్చాక చూస్తే ఇక్కడ బడి మరాఠీ, బస్సు మీది బోర్డు మరాఠీ, రేషన్ కార్డు మరాఠీ. మా అత్తగారింట్లో తాతల నాటి నుంచి తెలుగే మాట్లాడతారు గానీ చదవడం ఒక్కరికీ రాదు. వచ్చిందల్లా నాకే, అదీ కూడబలుక్కుంటూ.

చదువు తక్కువే గానీ నా మతి గట్టిది. ఎవరి గట్టు ఏ రాయి దగ్గర మళ్లుతుందో, ఎవరి బిడ్డ ఏ ముసురులో పుట్టిందో ఊరివాళ్లు నన్నే అడుగుతారు. "ఆమెకు యాదికున్నదంటే ఇగ ఉన్నట్టే" అని పంచాయతీలో పెద్దమనుషులు కూడా తలూపేవారు. ఆ పేరును అడ్డం పెట్టుకొని నేనొక అబద్ధం చెప్పాను. దాన్ని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అత్తమ్మ తన తండ్రి ముఖం చూడలేదు. ఆమె కడుపులో ఉండగానే ఆయన బొంబాయి మిల్లుల్లో పని దొరుకుతుందని పోయాడు. జర్మనీ లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. కొన్నాళ్లకు పక్క ఊరి మనిషి ఒకాయన బొంబాయి నుంచి తిరిగొచ్చి, "రేవు కాడ కనవడ్డడు. లడాయి ఓడల వంట చేస్తుండట, నెత్తిన తెల్లటోపీ ఉన్నది" అని చెప్పాడట. అదే ఆఖరి కబురు. ఆ తర్వాత ఉత్తరం లేదు, మనిషి లేడు, చచ్చిపోయాడని చెప్పిన కాగితమూ లేదు.

ఓడ మునిగిందని అన్నవాళ్లు కొందరు. బొంబాయిలో ఇంకొకదాన్ని ఉంచుకున్నాడని అన్నవాళ్లు ఎక్కువ. అత్తమ్మ చిన్నప్పుడు బాయి కాడ నీళ్లకు కొట్లాట అయితే చాలు, "పోవే, నీ అయ్య బొంబాయిల ఇంకో పొయ్యి రాజేసిండు" అనేవారట. ఆమె పెళ్లిలో కూడా పందిట్లో ఎవరో ఆ మాట అన్నారట. ఎనభై ఏళ్లు దాటాక కూడా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు సన్నబడేది.

అత్తమ్మ తల్లిని మేమంతా అమ్మమ్మ అనేవాళ్లం. బిడ్డ దగ్గరే బతికింది. నేను కాపురానికి వచ్చేనాటికి ముసలామె. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. మొగని పేరు నోటితో ఎత్తలేదు, బొట్టు తీయలేదు. "చచ్చిండని ఎవలన్న జెప్పినప్పుడు తీస్త" అనేది. ఎవరూ చెప్పలేదు. బొట్టుతోనే పోయింది. గోడ మీది ఆమె పటానికి అత్తమ్మ రోజూ పొద్దున స్నానం కాగానే కుంకుమ పెట్టేది.

ఆయన గుర్తుకు ఇంట్లో మిగిలింది ఒక ఇత్తడి తాంబాళం. అమ్మమ్మ పెళ్లిలో ఆమె తండ్రి రెండు సామాన్లు పెట్టాడట, బిడ్డకు తాంబాళం, అల్లునికి చెంబు. మా దిక్కు అల్లుణ్ని పేరు పెట్టి పిలవరు. సామాన్ల మీద కూడా పేరు కొట్టించరు. తాంబాళం మీద "బిడ్డకు" అని, చెంబు మీద "అల్లునికి" అని కొట్టించాడు. చెంబు ఆయనతో బొంబాయి పోయింది. తాంబాళం ఇక్కడ ఉండిపోయింది.

ఆ తాంబాళాన్ని పోగొట్టింది నేను. అమ్మమ్మ పోయిన కొన్నేళ్లకు, పాత ఇత్తడికి స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె గంపతో మా వాకిట్లోకి వచ్చింది. తాంబాళం అంచు చీలి ఉంది, తోమితే వేళ్లు కోసుకుంటోంది. ఇచ్చేసి మూడు స్టీలు డబ్బాలు తీసుకున్నాను. అత్తమ్మ పత్తి చేలో కలుపు తీసి పొద్దుగూకే ముందు వచ్చింది. డబ్బాలు చూసింది, తాంబాళం ఉండే మూల చూసింది. తిట్టినా బాగుండేది. రెండు రోజులు అన్నం ముట్టలేదు, అంతే.

ఈ మధ్య ఒకనాడు సరుకుల కోసం గడ్‌చాందూర్ పోయాను. అక్కడి కిరాణా సేటు మా తెలుగాయనే, పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే. నన్ను చూడగానే ఫోన్ తీశాడు.

"అక్కా, నీకు తెలుగు చదువస్తది గద. గిదేందో జూడు. మా అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది."

"నీకు రాదా?"

"నాకు లెక్కలు మరాఠీల, తిట్లు తెలుగుల. చదువు యాడిది?"

ఫోన్‌లో పచ్చగా కిలుం పట్టిన చెంబు. మెడ కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు. సముద్రం అడుగున పాత లడాయి ఓడ దొరికిందట, అందులోంచి తీసిన సామాను నాగపూర్‌లో కొన్నాళ్లు చూపెడుతున్నారట, ఈ చెంబు ఎవరిదో తెలిసినవాళ్లను చెప్పమన్నారట. నేను కూడబలుక్కొని చదివాను. అ... ల్లు... ని... కి. చేతిలో ఉన్న చింతపండు పొట్లం కింద పడింది.

ఇంటికొచ్చి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. అత్తమ్మ చేతిలో చేట పక్కకు పెట్టి, "నాగపూర్‌కు ఎన్నింటికున్నది బస్సు?" అంది.

మా ఇంటాయన, నేను, అత్తమ్మ పోయాం. లోపలంతా చల్లగా, చీకటి చీకటిగా ఉంది. గాజు పెట్టెల్లో తుపాకీ గొట్టాలు, గుండుసూదులు, దువ్వెన, ఒక కాలి బూటు అడుగు, ఒకదానికొకటి అంటుకుపోయిన గరిటెలు. అక్కడ పనిచేసే పిల్ల ఒకతె మాకు అన్నీ చూపింది. ఆమె మాట్లాడేది మరాఠీ. అత్తమ్మను ఆజీ అని, అంటే అవ్వ అని, నన్ను మావశీ అని, అంటే చిన్నమ్మ అని పిలిచింది. నేను అత్తమ్మకు తెలుగులో చెబుతూ పోయాను.

దొరికింది దొరికినట్టు పైకి లాగరట. ముందు సముద్రం అడుగున ఇసుక మీద తాళ్లతో గళ్లు కడతారట. ఏ గడిలో ఏ వస్తువు ఎటు తిరిగి పడి ఉన్నదో గీసుకొని, నంబరు కట్టి, అప్పుడు తీస్తారట. తీసినా గాలి తగలనివ్వరు. నీళ్ల తొట్లలోనే ఉంచి, నెలల తరబడి మంచినీళ్లు మారుస్తూ లోపలి ఉప్పంతా దించుతారట.

"బాలింతను జూసినట్టు జూస్తున్నరే" అంది అత్తమ్మ. బూటు అడుగు ఉన్న పెట్టెను చూపి, "మరి మనుషులు? మనుషులను గూడ తీసిండ్రా, అడుగు" అంది.

అడిగాను. ఆ పిల్ల తల వంచుకుంది. "వాళ్లున్న వైపు మేం చెయ్యి పెట్టం, ఆజీ. వాళ్లను అక్కడే ఉండనిస్తాం" అంది.

ఆఖర్న చెంబు దగ్గరికి తీసుకుపోయింది. వంటగది ఉన్న గడిలో దొరికిందట, మసాలా నూరే రాయి పక్కన. వంటగది అనగానే అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. పెట్టె ముందున్న కాగితం మీద మరాఠీలో ఏదో రాసి ఉంది. మా ఇంటాయన చదివాడు: "అల్లునీ అనే నావికుని చెంబు."

నాకు నవ్వొచ్చింది. "అల్లునీ అనేటాయన ఎవరమ్మా?" అని అడిగాను.

"అదే మావశీ, మాకూ దొరకలేదు. అక్షరాలు ఒకాయనతో చదివిస్తే అల్లునికి అని వచ్చింది. కీ అంటే హిందీలో ఫలానావాళ్లది అని కదా? అందుకని అల్లునీ మనిషి పేరు అనుకున్నాం. ఓడవాళ్ల పట్టీలో వెతికితే ఆ పేరే లేదు. ఉన్నవి కూడా కొన్ని పేజీలే. వంటవాళ్ల పేజీలు అసలే దొరకలేదు."

"పేరు గాదు బిడ్డా. మా భాషల కి అంటే ఇచ్చుడు. అల్లుడు అంటే జావయి. జావయికి ఇచ్చింది అని."

ఆ పిల్ల నోరు తెరిచి నన్ను చూసింది. గబగబా పుస్తకంలో రాసుకుంది. "అయితే పేరే రాయలేదా?"

"అల్లుని పేరు మామ ఎట్ల రాస్తడు?"

అత్తమ్మ గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. "జర చింతపండు పెట్టి తోమితే పోవు గద ఆ కిలుము. మా అయ్య చెంబు గిట్ల పచ్చగుండొద్దు" అంది. అప్పటికే మా అయ్య అంటోంది.

ఆ పిల్ల మెల్లగా అసలు సంగతి అడిగింది. తెలుగిళ్లల్లో ఇలా కొట్టించిన చెంబులు ఇంకా ఉండొచ్చు కదా, మీదే అని ఎలా చెప్పడం? అదే పెళ్లిలో అదే మనిషి పెట్టిన వేరే సామాను ఏదైనా ఉంటే పక్కపక్కన పెట్టి చూస్తాం, అక్షరాలు కొట్టిన తీరు కలిస్తే మీ ఇంటివాళ్లదని రాస్తాం అంది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. తాంబాళం గురించి నోరెత్తలేదు. "మా కోడలు ఏండ్లకేండ్లు తోమింది. దానికి యాదికుంటది. అడుగుండ్రి" అంది.

నాకు యాదికే ఉంది. తాంబాళం మీది అక్షరాలు చుక్కలు కావు. ఉలితో లాగి కోసిన గీతలు. తోమేటప్పుడు బూడిద అందులో ఇరుక్కునేది. ఈ చెంబు మీదివి ఒక్కొక్కటీ పొడిచిన చుక్కలు. రెండూ ఒక చేతి పనిలాగా లేవు. ఇది ఇంకెవరి ఇంటి అల్లునిదో. ఎక్కడో ఇంకొక ముసలామె ఇలాగే కళ్లలో వత్తులు వేసుకొని ఉండొచ్చు.

అత్తమ్మ కళ్లు చూశాను. చిన్నపిల్ల కళ్లలాగా ఉన్నాయి. ఆ మూడు స్టీలు డబ్బాలు నా గొంతుకు అడ్డం పడ్డాయి.

"చుక్కలే" అన్నాను. "సరిగ్గ గిట్లనే చుక్కలు."

ఆ పిల్ల నా మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుంది. మా ఇంటాయనతో వారసుడని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఆయన చెంబు వైపు ఇంకోసారి చూసి పెట్టాడు.

ఊరికి వచ్చిన వారంలోనే పెన్‌గంగ ఒడ్డున కర్మ చేశాం. శవం లేదు కాబట్టి అయ్యవారు మోదుగాకులతో మనిషి ఆకారం పేర్చాడు. బిడ్డ కొడుకు చేయొచ్చని మా ఇంటాయనతో చేయించాడు. పిండం పెట్టి ఎంతసేపు చూసినా కాకి రాలేదు.

"సముద్రంల ఉన్నాయనకు కాకేం ఎర్క? నీళ్లల్ల ఇడువుండ్రి, చేపలు తింటయి" అంది అత్తమ్మ. విడిచారు. ఊళ్లోవాళ్లు చాలామందే వచ్చారు. అత్తమ్మ వాళ్ల ముందు నిటారుగా నిలబడి, ఒకరితో కాదు, అందరితో అన్నట్టు అంది: "మా అయ్య ఇంకో పొయ్యి రాజెయ్యలే. ఓడల పొయ్యి కాడనే పోయిండు."

మరునాడు పొద్దున స్నానం చేసి అమ్మమ్మ పటం ముందు నిలబడింది. చేతిలో కుంకుమ భరిణె లేదు. కొంగు తడిపి అద్దం మీది బొట్టును తుడిచింది. ఎండిన కుంకుమ, ఒక్క తుడుపుకు పోలేదు. గోటితో గీకింది.

"అత్తమ్మా, ఎందుకే?" అన్నాను.

"పోయిండని తెలిసినంక ఉంచుతరా? ఇన్నేండ్లు ఉత్తగనే పెట్టుకున్నది మా అమ్మ" అంది. తుడిచిన కొంగును వేలికి చుట్టుకుంటూ పెరట్లోకి పోయింది. నేను గడపలో అలాగే నిలబడ్డాను. ఒక మాటతో ఈమెకు తండ్రిని ఇచ్చాను అనుకున్నాను గానీ, ఆమె తల్లికి ఏం చేస్తున్నానో చూసుకోలేదు.

ఆ మీది వానాకాలంలో అత్తమ్మ పోయింది. నిద్రలోనే, ఎవరినీ సతాయించకుండా.

నాగపూర్ పిల్ల ఒక ఫోటో పంపింది. పెట్టె ముందున్న కాగితం మార్చారు. కోర్పనా తాలూకా ఇంటి అల్లునికి మామ పెట్టిన చెంబు అని రాశారు. అది చూసిన నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. అసలువాళ్లు వచ్చి చూసినా ఇది మనది కాదనుకొని తిరిగిపోతారు. ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఎందుకు అలా చెప్పారు మావశీ?"

"మా అత్త పక్కనే నిలవడి ఇంటుండె గద బిడ్డా" అన్నాను.

కాగితం మారుస్తాం, కానీ వారసుడని సంతకం పెట్టిన ఆయనే కాదని కూడా సంతకం పెట్టి పంపాలంది. అంటే మా ఇంటాయనకు చెప్పాలి. కర్మ చేసింది ఆయన. మోదుగాకులకు నిప్పు పెట్టింది ఆయన.

మధ్యాహ్నం సోయాబీన్ సంచుల మూతులు కుడుతూ కూర్చున్నాడు. ఎదురుగా కూర్చొని చెప్పాను. దబ్బనం ఆపలేదు.

"చుక్కలు గావు, గీతలే. నాకెర్కనే" అన్నాడు.

"నీకెట్ల ఎర్క?"

"చిన్నప్పుడు అండ్లనే గద తిన్నది నేను. జొన్నగటక ఆ గీతలల్ల ఇరికేది. ఎండితె ఎంత కడిగినా పోకపోయేది. చీపురుపుల్ల పెట్టి ఒక్కో అక్షరం గీకి గీకి తీసేది."

"ఎవరు, అమ్మమ్మనా?"

ఆయన దబ్బనం సంచికి గుచ్చి వదిలేశాడు. నన్ను చూడకుండా, "ఎక్కడి అమ్మమ్మ. మా అమ్మనే" అన్నాడు.

అంటే ఆ చుక్కలు చూసినప్పుడే అత్తమ్మకూ తెలుసు. నేను నాగపూర్ నుంచి వచ్చిన కాగితం ఆయన ముందు పెట్టాను. చేతులు పంచెకు తుడుచుకొని సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.