మా మామగారి కరెంటు కారు పూజ

గుడి ముందు, మామగారి సమక్షంలో, కొత్త కారుతో చెప్పుల స్టాండును గుద్దిన మహానుభావుణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి. చేతులారా చేసుకున్న ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, నింపాదిగా వినండి.

అప్పట్లో నాకు ఇంజన్ల పిచ్చి. ఆదివారం పొద్దున్నే బీచి రోడ్డు మీదికి పాత కార్లు వేసుకొచ్చే పెట్రోలు భక్తుల గుంపులో నేనూ ఒకణ్ణి. కార్బురేటరు, చోకు, డబుల్ క్లచ్ తప్ప మాకు వేరే భాష రాదు. ఆ మాటలు అవసరమయ్యే కార్లు ఊళ్ళో కనుమరుగైపోతున్నా మేము మాత్రం వదల్లేదు. చప్పుడు విని బండి జాతకం చెప్పేస్తానని నాకు గొప్ప పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా నేనే.

చింతాద్రిపేటలో స్టీలు సామాన్ల హోల్‌సేలు వ్యాపారం చేసే మా మామగారు కరెంటు కారు కొన్నారు. "డ్రైవరు ఏంటికి, అల్లుడు ఉండాడు గదా. పూజ అయినాక తాళంచెవి అతని చేతికే," అన్నారు. నా భార్య వసుధకు లైసెన్సు ఉన్నా ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ తాళంచెవి నాదవుతుందన్న సంబరంలో గుంపునంతా పూజకు పిలిచాను.

"కరెంటు కారుకి సౌండు యాడుంటాది పా?" అన్నాడు మా గుంపు పెద్ద శేఖరన్న.

"మోటారుకీ ఒక కూత ఉంటాదన్నా. సన్నగా, ఈగ మాదిరి. వినే చెవి ఉండాల," అన్నాను.

మైలాపూరులో ఒక వినాయకుడి గుడి ముందు కారుకు పూలదండ వేసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారి గురుక్కళ్ హారతి చూపించి, "స్టార్ట్ పణ్ణుంగో," అని అరవంలో బండి స్టార్ట్ చెయ్యమన్నారు. బ్రేకు తొక్కి బటన్ నొక్కాను. ముందున్న తెర మీద ఏవో దీపాలు వెలిగాయి. చెవులు రిక్కించాను. ఈగ లేదు, దోమ లేదు.

కారు కదలనంతసేపు మోటారు నోరే విప్పదని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదు. మళ్ళీ నొక్కాను, దీపాలు ఆరాయి. ఇంకోసారి నొక్కాను, వెలిగాయి.

"ఏమైంది అల్లుడా?" అన్నారు మామగారు.

"సెల్ఫ్ పట్టలా మామా."

వెనక సీట్లోంచి వసుధ, "ఆడ రెడీ అని వచ్చుండాది, చూడండి," అంది.

"అది ఊరికే లైటు. ఇంజన్ మాట్లాడాల," అన్నాను. ఇంజనే లేని కారులో కూర్చుని ఈ మాట అన్నానని దయచేసి గమనించండి.

శేఖరన్న చొక్కా చేతులు మడిచాడు. "తోసేద్దాం పా. సెకండు గేరులో పెట్టుకో. బండి కదలంగానే క్లచ్ వదిలి యాక్సిలరేటరు తొక్కు."

గేర్లు లేవు, క్లచ్ లేదు. అయినా అతని మాట మా గుంపుకు వేదం. 'డ్రైవ్' అని ఉన్న చోటికి మీట తిప్పాను. నా ఎడమ కాలు లేని క్లచ్ కోసం కాసేపు తడుముకుని ఊరుకుంది. పెట్రోలు భక్తులంతా కారు వెనక భుజాలు ఆనించారు. మామగారు కూడా పంచె ఎగ్గట్టి ఒక చెయ్యి వేశారు.

"తొక్కు," అన్నాడు శేఖరన్న. తొక్కాను.

మోటారు సన్నగా కూసింది. నేను చెప్పిన ఈగ కూతే. ఆ ఆనందం పూర్తిగా అనుభవించేలోపే కారు నిమ్మకాయల్ని నలిపి, దిష్టి గుమ్మడికాయను పగలగొట్టి, చెప్పుల స్టాండులో దూరి ఆగింది. అదృష్టం బాగుండి దారిలో ఎవరూ లేరు. తిరిగి చూస్తే, తోసినవాళ్ళంతా వినాయకుడి ముందు బోర్లా పడి సాష్టాంగం చేస్తున్నారు. అందరికన్నా ముందు మామగారున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన లేచి, పంచె దులుపుకుని, చెప్పులు వెతుక్కుంటున్న జనాన్ని తప్పించుకుంటూ నిదానంగా వచ్చారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి చాపి తాళంచెవి తీసుకుని వసుధకు ఇచ్చారు.

"నువ్వు తోలమ్మా," అన్నారు. "ఈ కారులో సౌండు చేసే పార్టు ఇతనొకడే. వెనక సీట్లో పెట్టుకో."

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బండి ఎక్కినా చెవులు రిక్కించను, ఎవరి చేతా తోయించను, తోలడం గురించి వసుధ అడిగితే తప్ప నోరు తెరవను. ఇప్పటిదాకా ఆమె అడగలేదు.