ఊళ్ళో లేని ఇద్దరి అనంతపురం ప్రయాణం

ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి పేరు ఓటరు జాబితాలో లేకుండా పోతే కోపం రాదా? నాకు వచ్చింది. పామిడి దగ్గరి మా పల్లెలో పంచాయతీ ఎన్నికల జాబితా అతికించారంటే వెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండుసార్లు చదివాను. నా పేరు కొట్టేశారు. పక్కింటి మస్తానమ్మ పేరూ కొట్టేశారు. ఇద్దరికీ రాసిన కారణం ఒకటే: ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆ మాట నేను ఊళ్ళోనే నిలబడి చదువుతున్నాను.

నా కోపం సంగతి పక్కన పెట్టండి. మస్తానమ్మకు ఇది చిన్న విషయం కాదు. డెబ్బై దాటిన మనిషి. పరుపులకు దూది ఏకే కుటుంబం. ఆమె కోడలు హుస్సేన్‌బీ ఈసారి మా వార్డుకు మెంబరుగా నిలబడుతోంది. చిన్న వార్డు, ఒకటి రెండు ఓట్ల మీద తేలిపోతుంది. మస్తానమ్మ వచ్చి మా అరుగు మీద కూలబడింది.

"కోడలి గుర్తు మీద నా చేత్తో ముద్ర ఎయ్యకపోతే నేనుండి ఏం లాభం సారూ? పిల్ల ఒక్క ఓటుతో ఓడిపోయిందనుకో, ఆ ఒక్కటీ నాదే అవుతాది."

అభ్యంతరాలు అనంతపురంలో వింటున్నారని, దానికి మంగళవారమే ఆఖరని తెలిసింది. ఆ మంగళవారమే బయలుదేరాం.

ఉదయం ఏడున్నరకు పామిడి బస్టాండులో పల్లెవెలుగు బస్సెక్కాం. ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితం, గుర్తింపు కార్డు చూపించాలి. మస్తానమ్మ వక్కాకు సంచిలోంచి తన ఓటరు కార్డు తీసింది. కండక్టరు ఫోటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, సున్నా టిక్కెట్టు చింపి ఇచ్చాడు.

"చూసినావా సారూ, ఓటుకు పనికిరాని కార్డు బస్సుకు పనికొచ్చింది" అంది, సీటులో సర్దుకుంటూ.

నేను మగవాణ్ణి కాబట్టి డబ్బులిచ్చి టిక్కెట్టు కొన్నాను. ఓటూ లేదు, ఉచితమూ లేదు. ఈ ప్రయాణం నాకు కలిసిరాదని అప్పుడే అనిపించింది.

పెన్న వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద నీళ్ళు లేవు, ఇసుకలో గొర్రెలు నడిచిపోతున్నాయి. నాకు పాఠం చెప్పాలనిపించింది. అది నా జబ్బు, మందు లేదు. ఓటు తీసేయడం కొత్త విద్య కాదనీ, అమెరికావాళ్ళు దాన్ని ఎప్పుడో సాధన చేశారనీ మొదలుపెట్టాను. బానిసత్వం పోయాక నల్లవాళ్ళకు ఓటుందని చట్టంలో రాశారు. రాశారు గానీ దక్షిణాది రాష్ట్రాల్లో దాన్ని వాళ్ళ చేతికి అందనివ్వలేదు. ముందు ఓటుకు పన్ను పెట్టారు.

ముందు సీటులో తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"అంటే ఓటేసేటోడే దుడ్లు ఇయ్యల్లా? ఇదేం దేశమప్పా, అంతా తిరగామరగా ఉండాది."

బస్సులో సగం మంది నవ్వారు. శ్రోతలు పెరగడంతో నా గొంతూ పెరిగింది. చదువు పరీక్ష సంగతి చెప్పాను. నల్లమనిషి బడిపంతులైనా సరే, ఓటరు పేర్లు రాసే గుమాస్తా చట్టంలోంచి ఓ కొరకరాని ముక్క చదివించి అర్థం చెప్పమనేవాడు. తెల్లవాడికైతే పిల్లలు చదివే వాక్యం.

"పాసు చేసేది ఎవురు?" అంది మస్తానమ్మ.

"ఆ గుమాస్తానే."

"ఇంకేం పాసు చేస్తాడు!"

అక్కడ కొందరు తెల్లవాళ్ళు కూడా చదువు రాక ఇరుక్కున్నారు. వాళ్ళ కోసం ఇంకో ఉపాయం: తాత ఓటరైతే మనవడికి పరీక్ష అక్కర్లేదు. మస్తానమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"నల్లోళ్ళ తాతలు బానిసలు కదా. వాళ్ళకు ఓటు యాడిది?"

"లేదు."

"ఆ మాట రాసినోడికి అది తెలుసు."

"తెలుసు."

"పాపిష్టోళ్ళు" అని నోట్లో వక్క వేసుకుంది.

ఊరేగింపులు చేసి, లాఠీదెబ్బలు తిని, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నాక గట్టి చట్టం వచ్చిందని చెప్పాను. ఇప్పటికీ అక్కడ కొన్నిచోట్ల వరసగా కొన్నిసార్లు ఓటెయ్యకపోతే ఇంటికో కార్డు పంపుతారు, జవాబివ్వక ఆ తర్వాతా ఓటెయ్యకపోతే పేరు తీసేస్తారని కూడా చెప్పాను. మన పేర్లు కొట్టేయడం వెనకా ఇలాంటి బుర్ర ఏదో పనిచేసిందని, ఇవాళ ఆఫీసులో తేల్చేస్తానని గట్టిగా ప్రకటించాను. తువ్వాలు పెద్దాయన గార్లదిన్నెలో దిగుతూ "వదలొద్దు సార్" అని దీవించాడు. మస్తానమ్మ మాత్రం తల వంచుకుంది. నేనది భక్తి అనుకున్నాను.

ఎనిమిదీ ముప్పావుకు అనంతపురం. ఈ పని మీద వచ్చేవారికి ఒక మాట: ముందు కడుపు నింపుకోండి. బస్టాండు ఎదుట మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీ నన్ను ఏడిపించింది, మస్తానమ్మ మాత్రం రెండోది అడిగింది. అక్కణ్ణుంచి షేర్ ఆటో, మనిషికి ఇరవై. ఆఫీసు వరండాలో ఫ్యాను కింది బెంచీ తొమ్మిదిన్నరకే నిండిపోతుంది. మాకు ఎండ తగిలే బెంచీ దొరికింది.

పన్నెండుకు పిలిచారు. లోపల అధికారిణి, నలభై ఏళ్ళుంటాయి, చాలా ఓపికగల మనిషి. మూలన మా ఊరికి కొత్తగా బదిలీ మీద వచ్చి ఇల్లిల్లూ తిరిగి జాబితా సరిచూసిన ఉద్యోగి రమణ కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె ఒక నిమిషం విని చెయ్యెత్తి ఆపి, కాగితం చదివింది.

"మీ ఇంటి దగ్గర విచారించాం సార్. మీరు పింఛను తీసుకుని బెంగుళూరు వెళ్ళిపోయారనీ ఇక రారనీ పక్కింటి పెద్దామె చెప్పిందని ఉంది."

పక్కింటి పెద్దామె తలెత్తి ఫ్యాను చూస్తోంది.

"మస్తానమ్మక్కా!" అన్నాను.

"ఫైలు పట్టుకోనొచ్చినాడు సారూ" అంది, అంతకంటే ఏం చెప్పాలన్నట్టు.

ఇక్కడ మా వీధి మర్యాద ఒకటి చెప్పాలి. వానలు లేని సంవత్సరాలు వరసగా చూసిన ఊరు మాది. చంకలో ఫైలుతో వచ్చిన మనిషి బ్యాంకు నుంచో కరెంటు ఆఫీసు నుంచో వస్తాడు తప్ప మేలు చెయ్యడానికి రాడని మా నమ్మకం. అందుకని అలాంటి మనిషి ఎవరి పేరు అడిగినా, వాళ్ళు ఊళ్ళో లేరని చెప్పి కాపాడడం పొరుగువారి ధర్మం. ఆమె నన్ను కాపాడింది. నాకు అప్పులు లేవు, కరెంటు బిల్లు బాకీ లేదు. అయినా కాపాడింది.

"సరే, ఈమె గురించి చెప్పిందెవరు?" అని అడిగాను, కనీసం ఒక కుట్రైనా మిగులుతుందన్న ఆశతో.

అధికారిణి రెండో కాగితం చదివింది. మస్తానమ్మ బళ్ళారిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందనీ, ఇక రాదనీ, ఆ ఇంటి గడప మీద కూర్చున్న పెద్దామె చెప్పిందట.

"ఆ పెద్దామె ఎవరమ్మా?"

"నేనేనమ్మా" అంది మస్తానమ్మ.

రమణ "చెప్పిందే రాశాను మేడమ్, నా తప్పేం లేదు" అని గొణిగారు. నిజమే, లేదు. నాకు తెలిసిన అమెరికా చరిత్రలో ఓటు లాక్కున్నవాళ్ళున్నారు, పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తన గడప మీద కూర్చుని తన ఓటు తానే తీసేయించుకున్న మనిషి నాకెక్కడా తగల్లేదు.

అధికారిణి నవ్వు ఆపుకుంటూ దారి చెప్పింది. మేం ఊళ్ళోనే ఉంటున్నామని, ఒక్కొక్కరి తరఫున ఓటున్న పొరుగువారు ఒక్కొక్కరు రమణ ముందు చెప్పి సంతకం పెట్టాలి, ఇంట్లోవాళ్ళు పనికిరారు. మస్తానమ్మకు నా సాక్ష్యం చెల్లదు, నేనే ఊళ్ళో లేను. ఆ కాగితాల ఫోటోలు సాయంత్రం అయిదులోగా అధికారిణికి చేరాలి.

మధ్యాహ్నం రెండు గంటల బస్సులో రమణతో కలిసి ముగ్గురం వెనక్కి బయలుదేరాం. మా వీధిలో ఓటున్న పొరుగువాళ్ళలో ఆ వేళ ఇంటి దగ్గరుండేది ఎదురింటి ఓబులేసు ఒక్కడే. అతనికి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెడితే రమణ వద్దన్నారు. ముందుగా నేర్పి చెప్పించేది విచారణ కాదన్నారు. చరిత్ర చదివినవాణ్ణి కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. మస్తానమ్మ సంచి తాడు మెలిపెడుతూ కూర్చుంది.

"ఎందుకక్కా భయం? ఓబులేసు మంచివాడు కదా" అన్నాను.

"మంచోడే సారూ. అదే నా భయం."

పామిడిలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని మా వీధికి చేరేసరికి నాలుగుంపావు. ఓబులేసు అరుగు మీద వేరుశనగ విత్తనం ఏరుతున్నాడు. ముందు రమణ, చంకలో ఫైలు. వెనక మేమిద్దరం, దొంగల్లాగా.

"మస్తానమ్మ అనే ఆమె ఈ వీధిలో ఉంటుందా?"

ఓబులేసు ఫైలు చూశాడు. మమ్మల్ని చూశాడు. పాపం దొరికిపోయారే అన్న జాలి అతని మొహంలో స్పష్టంగా కనిపించింది.

"ఉండెనప్పా ఒకప్పుడు. బళ్ళారికి పోయింది. ఇంక రాదు."

"మరి ఈమె ఎవరు?"

"తెల్దు సార్. ఈ పొద్దే చూస్తాండా."

"ఈయన?"

"ఈయప్ప మా ఊరోడే కాదు" అని, నాకు మాత్రం కనబడేలా కన్ను గీటాడు.

నాకు నవ్వొచ్చింది, కడుపు మండింది, రెండూ ఒకేసారి. రమణ కలం మూత పెట్టబోయారు. అప్పుడు మస్తానమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"మూత పెట్టొద్దు నాయనా, రాసుకో. మస్తానమ్మంటే నేను. ఆ ఇల్లు నాది. బళ్ళారికి పోలేదు, యాడికీ పోలేదు. ఈడనే ఉండాను."

చివరి మాటకు ఆమె గొంతు వణికింది. ఫైలున్న మనిషితో ఆ మాట ఆమె అంతకుముందు ఎన్నడూ అని ఉండదు. నేను బస్సులో చెప్పిన పాఠమంతా ఒక ఎత్తు, ఆమె ఆ ముక్క చెప్పడం ఒక ఎత్తు. అక్కడ ఓటు కోసం నడిచి దెబ్బలు తిన్నవాళ్ళు కూడా ముందుగా చెప్పింది ఇదే కదా, మేమిక్కడ ఉన్నామని.

ఓబులేసు నోరు తెరిచి చూస్తున్నాడు.

"సంతకం పెడితే నీకేం గాదు కదత్తా?"

"ఏమైనా కానీలేరా. పెట్టు."

పెట్టాడు. రమణ ఫోటో పంపారు. అయిదుకు పావుగంట ముందు ఆయన ఫోను మోగింది. మస్తానమ్మ పేరు చేర్చామని అధికారిణి చెప్పింది. హుస్సేన్‌బీ వాళ్ళ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి అత్త చెయ్యి పట్టుకుంది, ముసలామె కళ్ళు తుడుచుకుంది.

రమణ నా వైపు తిరిగారు. "ఇక మీ సంగతి సార్. ఓటున్న పొరుగువారు ఇంకొకరు చెప్పాలి."

మస్తానమ్మ కొంగు సర్దుకుని, ఇప్పుడు ఓటున్న మనిషిగా, నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఈ సారా? ఉండాడు, రాసుకో. మధ్యాన్నం పూట గురక మా ఇంటిదాకా ఇనపడతాది."

రమణ ఆ మాట కూడా రాసుకున్నారు.